వైను పడుకున్న బావి

అంజనప్పకు నీళ్ళంటే భయం పట్టుకున్నది అరవై దాటిన తరువాతే. అంతవరకు ఆయన బతుకంతా నీళ్ళ కోసం ఎదురుచూడటంతోనే సరిపోయింది.

హోసూరుకు దక్షిణాన, డెంకణికోట నుంచి అంచెట్టికి పోయే దారిలో, రోడ్డు అడవిలోకి దిగబోయే ముందు, ఎడమచేతి పక్క నల్లటి బండరాతి గుట్ట ఒకటి ఉంటుంది. ఆ గుట్ట కింది పల్లె ఆయనది. తాతల నాడు రాగి, ఉలవ, అనప తప్ప మరొకటి ఎరగని నేల. అంజనప్ప తండ్రి వయసులో ఉండగా ఒడ్డెవాళ్ళను పిలిపించి పొలం నడుమ పెద్ద చౌకం బావి తవ్వించాడు. నాలుగు పక్కలా బండరాళ్ళు పేర్చి గోడ కట్టారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి, సందుల్లో చిన్న చెక్కరాళ్ళు, అంతే. అంజనప్ప ఈత నేర్చుకున్నది ఆ బావిలోనే. ఎద్దులు మోట లాగినదీ, ఆ తరువాత ఆయిల్ ఇంజను దడదడలాడినదీ ఆ బావి ఒడ్డునే.

తరువాత ఊరంతా బోర్లు దిగాయి. ఒకడు మూడు వందల అడుగులు పోతే పక్కవాడు ఆరు వందలు పోయాడు. బావిలో నీళ్ళు ముందు బురద అయ్యాయి, ఆ పైన తడి అయ్యాయి, చివరికి అదీ పోయింది. అంజనప్ప చాలా ఏళ్ళు ఆ పక్కకు చూడటమే మానేశాడు. విరిగిన మడకలు, చిరిగిన పట్టుపురుగుల చాపలు అందులో పారేశారు. పాములు చేరాయి.

ఆయనకు ఒక్కతే కూతురు, చైత్ర. కోయంబత్తూరులో వ్యవసాయం చదివి, నాసిక్ పక్క వైను కంపెనీలో ఆరేడేళ్ళు పనిచేసి, ఒకనాడు సామాను మొత్తం సర్దుకొని ఇంటికి వచ్చేసింది. మల్బరీ తోట సగం తీసేసి ద్రాక్ష పెడతానంది. తినే ద్రాక్ష కాదు. కాబర్నే అనీ, మెర్లో అనీ రెండు రకాలు. పగలు ఎండ, రాత్రి చలి, నీళ్ళు నిలవని ఎర్రగరుసు నేల, ఇంతకంటే ఏం కావాలి అని అడిగింది.

తల్లి ఆదిలక్ష్మమ్మ వంటింట్లోంచే కేకేసింది. "ఏమే, మన ఇంట్లో సారాయి కాస్తావా? మీ నాయినమ్మ బతికుంటే నిన్ను గడప తొక్కనిచ్చునా?"

"సారాయి కాదమ్మా. పండ్ల రసం. దాని పాటికి అదే మారతాది."

"మారినాక ఏమంటారు దాన్ని?"

చైత్ర నవ్వింది. అంజనప్ప మాత్రం నవ్వలేదు, వద్దనీ అనలేదు. పిల్ల తిరిగి వచ్చింది, అదే ఆయనకు చాలు. తీగలు నాటారు. లైసెన్సు కోసం చైత్ర కృష్ణగిరికీ చెన్నైకీ తిరిగింది. తీగలు కాపుకు వచ్చాయి. పట్టుపురుగుల షెడ్డు పక్కన ఇంకో షెడ్డు లేచింది. అందులో స్టీలు తొట్లు, కొయ్య పీపాలు చేరాయి.

ఆ పీపాల ముందర ఒక సాయంత్రం అంజనప్ప మొదటిసారి వైను నోట్లో పోసుకున్నాడు. అంతకు ముందు ఆయన కల్లు కూడా ముట్టినవాడు కాదు.

"మింగొద్దు నాయినా. నోరంతా తిప్పి ఉమ్మెయ్యి," అంది చైత్ర.

"ఉమ్మేసేదానికి నోట్లో పోసుకునేదెందుకు?"

"రుచి చెప్పేదానికి."

ముందు కాబర్నే ఒక్కటే ఇచ్చింది. అంజనప్ప నోరు ముడుచుకుపోయింది. పచ్చి అరటికాయ తొక్క కొరికితే నాలుకకు పట్టే వగరు. దాని వెనక తోటలో క్యాప్సికం విరిచినప్పటి పచ్చి వాసన. తరువాత మెర్లో ఇచ్చింది. అది మెత్తగా, బాగా మాగిన నేరేడు పండు నోట్లో చితికినట్లు ఉంది, కానీ గొంతు దాకా రాకముందే జారిపోయింది. చివరికి రెండూ కలిపిన గ్లాసు చేతిలో పెట్టింది. ఆయన చాలాసేపు నోట్లో తిప్పి, ఉమ్మేసి, తుండుతో మూతి తుడుచుకున్నాడు.

"కొత్తగా కాపురం పెట్టిన మొగుడూ పెళ్ళాల మాదిరి ఉండాది. ఇద్దరూ మాట్లాడతా ఉండారు. ఒకరి మాట ఒకరు వినడం లేదు," అన్నాడు.

చైత్ర ఆశ్చర్యంగా తండ్రి మొహం చూసింది. "అందుకే పడుకోబెట్టాల. చల్లగా, చీకటిగా, కదలకుండా. ఏళ్ళు పడతాది వాళ్ళు కలిసేదానికి."

అలాంటి చోటు ఎక్కడుంది? ఏసీ గది కట్టిస్తే ఆ పల్లెలో కరెంటు నమ్మకం లేదు. ఎండాకాలం ఒక్క పూట వేడెక్కితే చాలు, సీసాలో వైను ఉడికిపోతుందని చైత్ర బెంగ. ఎండిపోయిన బావి మాట ఎత్తినది అంజనప్పే. "మే నెలలో కూడా అడుగున చెయ్యి పెడితే సల్లగా ఉండాది. అది ఉండీ ఏమి లాభము?" అన్నాడు.

హోసూరు నుంచి ఇంజనీరు వచ్చాడు. గోడ రాళ్ళు తట్టి చూశాడు, సందుల్లో చువ్వ దూర్చి చూశాడు. ఇన్నేళ్ళుగా చుక్క నీరు లేదు, కట్టడం గట్టిగా ఉంది, భయం లేదన్నాడు. ఆయన చెప్పినదాంట్లో ఆ నాటికి తప్పేమీ లేదు. చెత్త తీయించి, అడుగున కంకర పోసి, గచ్చు చేయించారు. పైన దూలాలు వేసి కాంక్రీటు కప్పు పోశారు. పాత మెట్ల దగ్గర ఇనుప తలుపు పెట్టారు.

గట్టు అవతలి పొలం చెన్నకేశవులుది. అంజనప్ప ఈడువాడే, చిన్ననాడు ఇద్దరూ ఆ బావిలో పోటీపడి దూకినవాళ్ళు. కప్పు పోసే రోజు వచ్చి, కాంక్రీటు మిషను వైపు చూస్తూ నిలబడ్డాడు.

"బావికి మూత వేస్తా ఉండావు కదప్పా. రేపు గంగమ్మ వస్తే యాడికి పోవల్ల?"

"వచ్చినప్పుడు చూస్తాములే," అన్నాడు అంజనప్ప.

అందరూ నవ్వారు.

బావిలో సీసాలు పడుకున్నాయి. మొదటి ఏడాది పంట సీసాలను చైత్ర అన్నిటికంటే లోపల, తూర్పు గోడకు ఆనించిన స్టాండులో అడుగు వరసలో పెట్టింది. బిరడా ఎండకుండా సీసా అడ్డంగా పడుకోవాలి. లోపలి మడ్డి ఒకే పక్క పేరుకోవాలి. అందుకని ప్రతి సీసాకు పై పక్క సున్నంతో ఒక తెల్లబొట్టు పెట్టింది. ఎప్పుడు కదిపినా బొట్టు ఆకాశం వైపే ఉండాలి.

పొద్దున్నే దిగి చూసి రావడం అంజనప్ప పని అయింది. ఆయన ఏదీ తాకేవాడు కాదు. చెప్పులు మెట్ల మీదే విడిచి, చిన్న బల్బు వేసి, వరసల మధ్య నడిచి, వేడి కొలిచే మీటరు చూసి, బల్బు ఆర్పి వచ్చేవాడు. ఆ చల్లదనం, ఆ నిశ్శబ్దం ఆయనకు అలవాటయ్యాయి. పెళ్ళివాళ్ళెవరైనా పిలిస్తే, ఇంట్లో పసిపిల్లలు ఉన్నారన్నట్లు ముఖం పెట్టి, సాయంత్రానికల్లా తిరిగొచ్చేసేవాడు. ఆదిలక్ష్మమ్మ మాత్రం ఒక్కనాడూ ఆ మెట్లు దిగలేదు.

మొదటి పంటలో ఏటా ఒక సీసా తెరిచేవాళ్ళు. వగరు ఏటికేడు తగ్గుతూ వచ్చింది. పచ్చి వాసన పోయి ఎండిన పొగాకు వాసన, పాత చందనప్పెట్టె మూత తెరిచినప్పటి వాసన వచ్చి చేరాయి. ఒక ఏడు అంజనప్ప నోట్లో తిప్పిన వైను ఉమ్మడం మరిచిపోయి మింగేశాడు. "ఇప్పుడు వింటా ఉండారు ఒకరి మాట ఒకరు," అన్నాడు. బెంగళూరు హోటళ్ళవాళ్ళు వచ్చి ఆ మొదటి పంట అడిగారు. తరువాతి పంటలు ఇచ్చింది గాని చైత్ర దాన్ని ఇవ్వలేదు. ఇంకా పడుకోవాలి అంది.

ఆ తరువాత వచ్చింది ఆ వానాకాలం.

ఆషాఢంలో మొదలైన వాన కార్తీకం వచ్చినా ఆగలేదు. ఒక తుపాను పోతే ఇంకొకటి. కృష్ణగిరి అవతలి పోచంపల్లి సంతకు పోయినవాళ్ళు దారి తెగి రెండో రోజుకు ఇల్లు చేరారు. సామల్పట్టి పక్క పట్టాల మీద నీళ్ళు పారుతున్నాయని ఎవరో ఫోనులో వీడియో చూపించారు. చెరువులు నిండి మరవ పారాయి. గుట్ట మీంచి ఎప్పుడూ లేనిది సన్నటి జలపాతం ఒకటి దిగింది. పల్లె మొత్తం పండగలో ఉంది. ఒకనాటి పొద్దున చెన్నకేశవులు బావిలో నీళ్ళు కనబడ్డాయి. ఆయన టెంకాయ కొట్టి, నానిన పెసరబేళ్ళతో కోసుంబరి చేయించి ఇంటింటికీ పంచాడు. అంజనప్ప దోసిట్లో కూడా పోశాడు.

"ఇరవై ఐదేళ్ళకు ముఖం చూపించింది తల్లి. నీ బావికి ఆ మూత లేకుంటే నీకూ వచ్చుండునప్పా!"

అంజనప్ప చేతిలో పెసరబేళ్ళు అట్లాగే ఉన్నాయి. "వస్తాదంటావా?"

"రాకుండా యాడికి పోతాది? నాదీ నీదీ ఒకే ఊట."

మరునాడు ఇనుప తలుపు తెరిచేసరికి ఒక వాసన ఎదురొచ్చింది. తడిసిన రాయి, పాచి, చేపల వాసన. ఆయన పదేళ్ళ పిల్లవాడుగా ఎరిగిన బావి వాసన. ఒక్క క్షణం ఆయన గుండె సంతోషంతో ఎగిసింది. మరుక్షణం చల్లబడింది. మెట్లు దిగి బల్బు వేస్తే తూర్పు గోడ రాళ్ళు చెమట పట్టి మెరుస్తున్నాయి. ఒక కప్ప గచ్చు మీద కూర్చొని ఆయన వైపే చూస్తోంది.

చైత్రకు చెప్పాడు. ఆమె దిగి చూసింది. లేబుళ్ళ మీద బూజు నల్లగా పాకుతోంది. ఒక సీసా పైకి తెచ్చి తెరిచి, ఇద్దరూ నోట్లో పోసుకున్నారు. అంజనప్ప వెంటనే ఉమ్మేశాడు. తడిసి మూలన పడున్న గోనెసంచి వాసన. పండు లేదు, పొగాకు లేదు, ఏమీ లేదు.

"బిరడా బూజు. ఈ ఒక్క సీసాకే పట్టి ఉండచ్చు," అంది చైత్ర. ఇంకోటి తెరిచింది. అది బాగానే ఉంది. బాగానే ఉన్నా ఇద్దరూ ఆ గ్లాసులు సగంలోనే కింద పెట్టేశారు.

నీళ్ళొస్తాయని దిగులుపడే రైతు లోకంలో ఎక్కడైనా ఉంటాడా అని అంజనప్పకు సిగ్గేసింది. ఊరంతా చేతులెత్తి మొక్కుతున్న వానను తానొక్కడే లోలోపల తిడుతున్నాడు. గుడికి పోయినా ఏమని మొక్కుకోవాలో తెలియక ఊరికే నిలబడి వచ్చాడు.

ఆ వారంలోనే సీసాల బొట్లు తిరిగాయి.

తూర్పు స్టాండులో అడుగు వరస చూస్తూ వంగినవాడు ఆగిపోయాడు. తెల్లబొట్లన్నీ పైకి చూడాల్సినవి, కొన్ని పక్కకు తిరిగి ఉన్నాయి. ఇంకాస్త లోపలివి పూర్తిగా గోడ వైపుకు ఒరిగాయి. ఆయనకు కోపం తన్నుకొచ్చింది. పైకి వచ్చి మురుగన్‌ను పిలిచాడు. మురుగన్ ఆ తోటలో తీగలు నాటిన నాటి నుంచి ఉన్నవాడు, అంచెట్టి పక్క మనిషి.

"సీసాలు కదిలించినావా?"

"లేదు సామీ."

"నువ్వు గాకుంటే ఇంకెవరు దిగినారు? తాళం చెవి నీకూ నాకూ తప్ప యాడుండాది?"

మురుగన్ ముఖం నల్లబడింది. "మీ ఇంటి ఉప్పు తినేవాణ్ణి. తాకలేదంటే తాకలేదు. నమ్మకుంటే నేను ఇప్పుడే పోతాను."

మాటలు విని చైత్ర వచ్చింది. నేరుగా కిందికి దిగింది. ఇద్దరూ వెనకే దిగారు. ఆమె స్టాండు దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని, గోడకూ స్టాండుకూ మధ్య సందులో చెయ్యి పెట్టింది. మొదట్లో ఆ సందులో ఆమె చెయ్యి భుజం దాకా పోయేది. ఇప్పుడు వేళ్ళు మాత్రమే పోయాయి. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మురుగన్ పని కాదు నాయినా. గోడ ముందరికి వస్తా ఉండాది. స్టాండును తోస్తా ఉండాది."

అంజనప్ప మురుగన్ భుజం మీద చెయ్యి వేశాడు. మురుగన్ ఆయన చెయ్యి తోసెయ్యలేదు, ఆయన వైపు చూడనూ లేదు. ముగ్గురూ ఆ గోడనే చూస్తున్నారు.

ఇంజనీరుకు ఫోను చేశారు. తుపాను నీళ్ళకు దారి తెగింది, దారి పడగానే వస్తాను, అంతదాకా ఎవరూ దిగొద్దు అన్నాడు. ఆ సాయంత్రానికే గచ్చు మీద నీళ్ళు చేరాయి. మరునాటికి చీలమండ దాకా వచ్చాయి.

తడిసిన నేలలో బావిని తోడి ఖాళీ చెయ్యకూడదు. గోడ వెనక మట్టి నీళ్ళు తాగి బరువెక్కి ఉంటుంది. లోపల నీళ్ళు ఉంటే అవే గోడకు ఆసరా. తోడేస్తే గోడ లోపలికి వస్తుంది. ఈ సంగతి అంజనప్పకూ తెలుసు, చైత్రకూ తెలుసు. కానీ తోడకపోతే అడుగు వరసలు మునుగుతాయి. మోటారు స్విచ్చి వేసింది అంజనప్పే.

మురుగన్, అతని తమ్ముళ్ళు ఇద్దరు, చైత్ర, అంజనప్ప బుట్టలతో సీసాలు మోశారు. వాన పడుతూనే ఉంది. పట్టుపురుగుల షెడ్డులో తట్టలు తీసేసి, గడ్డి పరిచి, సీసాలు పడుకోబెట్టారు. ఇంట్లో మంచాల కింద, వడ్ల గాదె పక్కన, ఎక్కడ చోటుంటే అక్కడ. మెట్ల పక్క చిన్న స్టాండులోని కొత్త సీసాలను ఎప్పుడైనా తీయొచ్చని వదిలారు. లోపలివాటి మీదికే పోయారు. తూర్పు గోడ దగ్గరి మొదటి పంటను అందుకోవాలంటే ముందున్న స్టాండ్లన్నీ ఖాళీ చెయ్యాలి.

ఆ స్టాండ్లు ఖాళీ అయ్యేసరికి పొద్దు వాలింది. అప్పుడు అంజనప్ప చూశాడు. గోడలో మోకాలెత్తున ఒక సందులోంచి నీళ్ళు కారుతున్నాయి. పొద్దుటిదాకా తేటగా ఉన్న నీళ్ళు ఇప్పుడు ఎర్రగా ఉన్నాయి. నీళ్ళతో పాటు వెనక మట్టి వస్తోంది. ఆ సందు పైరాయి జానెడు ముందుకు పొడుచుకొచ్చి ఉంది.

"అందరూ పైకి పోండి," అన్నాడు. అరవలేదు. ఆ గొంతుకే మురుగన్ తమ్ముళ్ళు బుట్టలు వదిలేసి మెట్లెక్కారు.

చైత్ర కదలలేదు. "ఇంక ఆ ఒక్క వరస నాయినా. అరగంట."

"వద్దు."

"అదే మొదటిది. నేను ఈడికి వచ్చినందుకు అదొక్కటే నాకు సాక్ష్యం. దాన్ని ఈడ ఒదిలేస్తానా?"

"దా."

ఆమె చెయ్యి విదిలించుకుంది. అంజనప్ప పైకి వచ్చి మెయిను దించేశాడు. మోటారు ఆగింది. లోపల చీకటి. కాసేపటికి చైత్ర తడుముకుంటూ మెట్లెక్కి వచ్చింది. ఆయన తలుపుకు తాళం వేసి చెవి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వే కదా ఈ బావి చూపించింది," అంది చైత్ర. "నువ్వే చూపించి నువ్వే తాళం వేస్తివి." ఆమె ఏడవలేదు. షెడ్డులోకి పోయి సీసాల మధ్య గడ్డి మీద కూర్చుంది. అన్నం తినలేదు. తల్లి కంచం పట్టుకొని పోయి, పట్టుకొని తిరిగొచ్చింది.

అంజనప్ప తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. చెన్నకేశవులు గట్టు దాటి వచ్చి, ఆయన్ను చూసి, పక్కన గొంతుక్కూర్చున్నాడు. లోపల నుంచి అప్పుడప్పుడు ఒక చప్పుడు వచ్చేది. టప్. మళ్ళీ చాలాసేపు ఏమీ ఉండేది కాదు. ఇద్దరూ దాని కోసమే ఎదురుచూస్తున్నట్లు ఊపిరి బిగబట్టేవారు.

తెల్లవారింది. వాన తెరిపిచ్చింది. చెన్నకేశవులు లేచి ఇంటికి పోయాడు. కొట్టంలో ఆవు పాలు పిండమని అరుస్తోంది. రాత్రంతా తడిసిన చొక్కా విప్పి దండెం మీద వేసి అంజనప్ప కొట్టంలోకి పోయాడు. పాలు పిండి, చెంబు పట్టుకొని తిరిగి వస్తే కుర్చీ పక్కకు జరిపి ఉంది. తలుపు తెరిచి ఉంది, చొక్కా జేబులో ఉండాల్సిన చెవి తాళానికి వేలాడుతోంది. మొదటి మెట్టు మీద ఒక జత చెప్పులు ఉన్నాయి. ఆదిలక్ష్మమ్మవి.

చెంబు ఆయన చేతిలోంచి జారింది. "లచ్చుమమ్మా!" అని ఒక్క కేక పెట్టాడు. షెడ్డులోంచి చైత్ర పరుగున వచ్చింది. తల్లి చెప్పులు చూసి మెట్ల వైపు దూకబోతే అప్పుడే పనికి వచ్చిన మురుగన్ రెండు చేతులా పట్టుకొని ఆపాడు. ఆమె పెనుగులాడుతుంటే అంజనప్ప ఒక్కడే దిగాడు.

అడుగున నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. ఆదిలక్ష్మమ్మ ఫోను టార్చి వేసి స్టాండు మీద పెట్టుకొని, కొంగులో సీసాలు మూటగట్టుకుంటోంది. ఆ గదిలో ఆమెను చూడటం ఆయనకు అదే మొదటిసారి. తూర్పు గోడ మధ్యలో నిండు చూలాలి కడుపులా ఉబ్బి ఉంది. దాని మీంచి ఎర్రనీళ్ళు చప్పుడు లేకుండా జారుతున్నాయి.

మాట పెద్దదైతే గోడకు వినబడుతుందని భయమేసింది. నీళ్ళు చప్పుడు కాకుండా కాళ్ళీడ్చుకుంటూ పోయి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఇంకా రెండు," అంది ఆమె గుసగుసగా. "నేను ముసిలిదాన్ని. నాకేమైతే ఏమి? బిడ్డ అన్నం తినలేదు."

"దా."

"కొంగులో చోటుండాది ఇంకా."

"దా లచ్చుమమ్మా."

ఆయన పట్టు వదల్లేదు. ఆమె కొంగు బిగించుకొని వెంట నడిచింది. మెట్లెక్కుతుంటే వెనక నీళ్ళలో ఏదో పడింది. ఇద్దరూ తిరిగి చూడలేదు.

పైకి వచ్చారు. ఏమీ కాలేదు. ఎండ వచ్చింది. ఆదిలక్ష్మమ్మ కొంగు విప్పి నాలుగు సీసాలు నేల మీద పెట్టింది. చైత్ర వాటిని చూడనైనా లేదు. తల్లిని రెండు చేతులా చుట్టేసి తలను ఆమె భుజానికేసి కొట్టుకుంటోంది.

"ఏం కాలేదు కదే," అంది ఆదిలక్ష్మమ్మ. ఆమెకు ధైర్యం తిరిగొచ్చింది. "మీ నాయిన ఊరికే గాబరా పడతాడు. బుట్ట ఇస్తే ఇంకొక్క మాటు పోయి..."

ఆ మాట పూర్తి కాలేదు. కాళ్ళ కింద నేల నిట్టూర్చినట్లయింది. కాంక్రీటు కప్పు నడుమ కుంగి, క్షణం ఆగి, లోపలికి పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. లారీలోంచి కంకర దించినట్లు, చాలాసేపు, గరగరమని. దాని అడుగున ఎక్కడో గాజు పగిలిన సన్నటి మోత. ఆ తరువాత దుమ్ము కూడా లేవలేదు. లేచింది వాసన.

అన్నేళ్ళుగా ఏటికొక్క గ్లాసుగా రుచి చూసిన వాసన ఒక్కసారిగా నేలలోంచి పొంగింది. నేరేడు, పొగాకు, చందనప్పెట్టె. అంజనప్ప ముక్కుకు అంత నిండుగా అది ఎప్పుడూ తగల్లేదు. ఆదిలక్ష్మమ్మ కూలబడిపోయింది. మురుగన్ చేతులు జోడించాడు. ఎవరికి మొక్కుతున్నాడో అతనికే తెలియదు.

రెండు రోజుల్లో బావి నిండింది. నీళ్ళు మొదట కుంకుమ కలిపినట్లు ఉండి, తరువాత గోధుమరంగుకు తిరిగి, చివరికి మామూలు నీళ్ళయ్యాయి. చుట్టుపక్కల నుంచి జనం చూడటానికి వచ్చారు. చెన్నకేశవులు ఒడ్డుకు దూరంగా నిలబడి, "నీళ్ళు వచ్చినాయి కదప్పా..." అని మొదలుపెట్టి, తనే ఆపేశాడు. ఇంజనీరు వచ్చి చుట్టూ కంచె వేయించమన్నాడు. షెడ్డులో మిగిలిన సీసాలను చైత్ర హోసూరులో ఒక చల్లగది అద్దెకు తీసుకొని వ్యానులో చేర్చింది.

ఆదిలక్ష్మమ్మ కొన్నాళ్ళు ఉలిక్కిపడి లేచేది. కానీ ఆ నాలుగు సీసాల మాట వస్తే ఆమె ముఖం వెలిగేది. ఒకనాడు కూతురిని అడిగింది. "నేను తెచ్చినవి ఏమైనాయి? తెరిచి చూస్తివా?"

చైత్ర ఒకటి తెచ్చి బిరడా తీసింది. గ్లాసులో పోసి తండ్రికి ఇచ్చింది. ఆదిలక్ష్మమ్మ ఎదురుగా కూర్చొని మొగుడి నోటి వైపే చూస్తోంది.

అంజనప్ప గ్లాసు తిప్పి వాసన చూశాడు. పచ్చి క్యాప్సికం. నోట్లో పోసుకున్నాడు. అరటికాయ తొక్క వగరు నాలుకను పట్టుకుంది. మొదటి పంట కాదు. మెట్ల పక్క స్టాండులోది, నిన్న మొన్నటిది. ఎన్నడూ ఆ మెట్లు దిగని ఆమె చేతికి ముందు అందింది అదే. ఆయన తలెత్తి చైత్రను చూశాడు. ఆమెకు తెలుసు. ఎప్పుడో తెలుసు. కళ్ళతోనే వద్దంది.

"అదేనా?" అంది ఆదిలక్ష్మమ్మ.

అంజనప్ప ఉమ్మలేదు. మింగాడు. "అదే. మొదటిదే. బాగా కలిసిపోయినారు ఇద్దరూ."

ఆమె తృప్తిగా లేచి వంటింట్లోకి పోయింది.

మరుసటి ఏడు కూడా ఆషాఢంలోనే మబ్బు పట్టింది. మొదటి చినుకులు షెడ్డు రేకుల మీద టపటపలాడగానే గట్టు అవతల నుంచి చెన్నకేశవులు కేక వినిపించింది. "వానప్పా! వాన!"

అంజనప్ప తుండు తల మీద వేసుకొని కంచె దాకా నడిచాడు. కంచెకు ఇవతల, నేలలో ఇంటి వైపు పాకుతూ సన్నటి చీలిక ఒకటి ఉంది. ఎండాకాలం పుల్ల కూడా దూరనంతగా ఉన్నది, ఇప్పుడు వేలు పట్టేంత ఉంది. ఆయన వంగి చూస్తుండగా లోపల ఎక్కడో ఒక రాయి ఊడి నీళ్ళలో పడింది. చప్పుడు ఆగిందాకా విని, వెనక్కి తిరిగి గట్టిగా పిలిచాడు.

"మురుగా! కొట్టంలో పశువుల్ని ఇప్పు. ఆ పక్క చింతచెట్టు కింద కట్టేద్దాము. చైత్రా, మీ అమ్మను బయటికి రమ్మను."